ఇరవై లెక్కపెట్టేదాకా

3వ తేదీ, ఆదివారం

ప్రియమైన పరీక్షలాయనగారికి,

ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ ఫోన్లో మీ అన్నయ్య మాట ఎత్తితే మీరు మధ్యలో అడ్డొస్తారు, నేను గొంతు పెంచుతాను, చివరికి ఇద్దరం "తిన్నావా" అంటే "తిన్నారా" అనుకుని పెట్టేస్తాం. పైగా దీనితోపాటు రెండు చెక్కముక్కలు పంపుతున్నాను. వాటికి ఎలాగూ ఒక కాగితం తోడుండాలి.

సంగతేమిటంటే, ఆసుపత్రి ముందు చక్రాల కుర్చీలు ఎక్కే వాలుదారికి రెండువైపులా మా కార్ఖానావాళ్లు అడ్డపలకలు బిగించారు కదా, వాటిమీద నేను వేసిన పూత ఊడిపోతోంది. వేసి రెండు నెలలు కూడా కాలేదు. నాలుగు జల్లులు పడ్డాయో లేదో పొక్కులు లేచాయి. గోరుతో గీకితే పెచ్చులు చేతిలోకి వచ్చేస్తున్నాయి. పక్కనే వరండా అంచున, అదే జల్లులో తడిసే బల్లలున్నాయి. వాటికీ అదే రోజు, అదే డబ్బాలోంచి, అదే కుంచెతో నేనే వేశాను. అవి మాత్రం అద్దంలా ఉన్నాయి. తేడా ఒక్కటే. బల్లలు ఉత్త చెక్క. పలకలేమో పుచ్చకుండా, కుళ్లకుండా మీ అన్నయ్య షెడ్డులో మందు తొట్టిలో ముంచిన చెక్క.

పదకొండేళ్లుగా బావగారు పంపిన మందు చెక్కమీదే పూత వేస్తున్నాను. ఎన్నడూ ఊడలేదు. ఇప్పుడే ఎందుకు ఊడింది? ఆయన ఏదో మార్చారు. నాతో చెప్పడం లేదు.

తడి ఆరకుండానే వేసుంటావు అని మీరు అనబోతున్నారని నాకు తెలుసు. అనకండి. ఉత్త చెక్క ఎండే వస్తుంది, దాని జోలికి ఎవరూ పోరు. మందు చెక్క నానివస్తుంది కాబట్టి పేర్చి ఆరబెట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పూతకు ముందు ఒక్కో పలకమీద అరచెయ్యి ఆనించి ఇరవై లెక్కపెడతాను. లెక్క అయ్యేదాకా చల్లదనం తగిలిందా, ఇంకా ఆరలేదన్నమాట. నేను పనిలో చేరిన కొత్తలో ఈ విద్య నేర్పింది బావగారే. ఒక్క పలకను కూడా ఎన్నడూ వదల్లేదు.

మీరు పంపిన చేతుల మందు డబ్బా సగానికి వచ్చింది. పొద్దున పనికి కూర్చునేముందు ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి రాస్తున్నాను. పగుళ్లు మానాయి. వంకర చిటికెనవేలు మాత్రం ఈ చలిగాలికి సలుపుతోంది. అది మీరు కట్టిన కట్టు పుణ్యమే.

ముక్కలు చూసి నిజం చెప్పండి. అన్నయ్య మొహం చూసి కాదు.

మీ
మొండి


9వ తేదీ, శనివారం

ప్రియమైన మొండిదానికి,

ముక్కలు భద్రంగా అందాయి. ఇక్కడ మా పూతల పరీక్షశాలలో పద్ధతి ఇది: పూతమీద బ్లేడుతో నిలువుగా, అడ్డంగా గీతలు కోసి ఇరవై అయిదు చిన్న గళ్లు చేస్తాం. దానిమీద టేపు గట్టిగా అంటించి ఒక్క లాగు లాగుతాం. టేపుకి ఎన్ని గళ్లు అంటుకొస్తే పూత అంత అధ్వాన్నం. నీ ఉత్త చెక్క ముక్కమీద ఒక్క గడీ కదల్లేదు. మందు చెక్క ముక్కమీద పందొమ్మిది గళ్లు లేచిపోయాయి. ఈపాటికి నువ్వు నడుంమీద చేతులు వేసుకుని "చెప్పానా" అంటుంటావని తెలుసు. కాస్త ఆగు.

ఒక్క ముక్క చూసి మనిషిమీద నింద వేయకూడదు. మందు చెక్కమీద పూత అంటదన్నది నిజమైతే పదేళ్ల కిందటి పలకలు కూడా ఊడాలి. అవి ఊడలేదు. కాబట్టి ఈమధ్య ఏదో ఒకటి మారింది. ఆ ఒక్కటీ ఏమిటో వెతకాలి. అన్నయ్యకి రాశాను, కొత్తగా మందు పెట్టిన పలకలు నాలుగు నేరుగా నాకే పంపమని. నా చేత్తో పూత వేసి లాగి చూస్తాను.

నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్య. చెప్పకుండా మందు మార్చి మన కొంప ముంచే మనిషి కాదు. నీ పక్క ఏమేం మారిందో కూడా ఒకసారి గుర్తు చేసుకో.

డబ్బా సగమైందన్నావు, ఇంకొకటి ఈ పార్సిల్లోనే పెడుతున్నాను. గ్లౌజులు వేసుకోమంటే ఎలాగూ వినవు. కనీసం ఇదయినా మానకుండా రాసుకో.

నీ
పరీక్షలాయన


13వ తేదీ, బుధవారం

ప్రియమైన అన్నగారి తమ్ముడికి,

బాగుంది. దొంగని అనుమానిస్తే దొంగనే సాక్ష్యం పంపమని అడిగారు! నాలుగు పలకలు కావాలంటే ఆయన మంచివి ఏరి పంపరూ? ఆ మాత్రం నాకు తట్టింది, పరీక్షలు చేసే మీకెలా తట్టలేదో.

నా పక్క ఏం మారిందని అడిగారు. నిన్నంతా పూత గదిలో కూర్చుని ఆలోచించాను. అదే పూత, అదే కంపెనీ డబ్బాలు. అవే కుంచెలు. కిటికీ అదే, గాలి అదే, కూర్చునే పీట కూడా అదే. ఏమీ మారలేదు.

ఆయన పక్క మారింది. సోమవారం భోజనాల వేళ షెడ్డు వెనక్కి వెళ్లాను. అవును, దొంగతనంగానే వెళ్లాను. తొట్టి పక్కన పాత ఆకుపచ్చ పీపాలకు బదులు నీలం పీపా ఉంది. దానిమీద అంటించిన కాగితం సగం చింపేసి ఉంది. వంగి చదవబోతుంటే వెనకనుంచి బావగారి గొంతు వినిపించింది.

"ఏం కావాలమ్మా?"

"ఏం లేదు బావగారూ, ఊరికే. పీపా కొత్తదా?"

"పీపా కొత్తది. మందు పాతదే."

అంతే అన్నారు. నా మొహంలోకి చూడలేదు. కళ్లు కిందికి దించి నా చేతులవైపే చూస్తూ నిలబడ్డారు. కాజేయడానికి వచ్చానని అనుకున్నారో ఏమో. నెల్లాళ్లుగా ఇదే వరస. ఇదివరకు పలకల బండి వస్తే తనూ వెంట వచ్చి, ఒకటి రెండిటిమీద తనే చెయ్యి పెట్టి చూసి, నాలుగు కబుర్లు చెప్పి వెళ్లేవారు. ఇప్పుడు బండి ఒక్కటే వస్తోంది. తప్పు చేసినవాళ్లే కదండీ మొహం చాటేసేది?

ఇంకో సంగతి. నిన్న అక్క, అదే మీ వదిన, నోరు జారింది. "మీ బావగారు మరిదికి ఉత్తరం రాశారు" అని అనేసి, వెంటనే బట్టలు ఆరేయాలంటూ లోపలికి వెళ్లిపోయింది. మీరు నాతో అనలేదే? ఏం రాశారు?

మీ
మొండి


20వ తేదీ, బుధవారం

ప్రియమైన మొండిదానికి,

కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకున్నా సరే, చివరిదాకా చదువు.

అన్నయ్య పంపిన నాలుగు పలకలకీ పూత వేసి, వారం ఆరనిచ్చాను. గళ్లు కోసి టేపు లాగితే ఒక్క గడీ లేవలేదు. అది చాలక రెండో పరీక్ష కూడా చేశాను. పూతమీద ఇనుప బిళ్ల జిగురుతో అంటించి, అది ఊడేదాకా యంత్రంతో లాగుతాం. బిళ్ల ఊడింది కానీ పూతతో కాదు, చెక్క పీచుతో సహా చీలి వచ్చింది. అంటే ఆ పూత చెక్కకంటే గట్టిగా పట్టుకుందన్నమాట. నీలం పీపాలో మందు కూడా చిన్న సీసాలో తెప్పించాను. పాత మందే. కంపెనీవాళ్లు పీపా రంగు మార్చారు, అంతే.

మంచివి ఏరి పంపాడంటావు. చెక్కని ఏరగలడేమో, తొట్టిలో మందుని ఏరలేడు కదా!

కాబట్టి అడగక తప్పడంలేదు. నీ గదిలోనే ఏదో జరుగుతోంది. పూతలో ఏదైనా కలుస్తోందా? నువ్వు లేనప్పుడు ఎవరైనా గదిలోకి వస్తున్నారా? ఇంకొకటి కూడా చెప్పు, పలక మొత్తం ఊడుతోందా, కొన్నిచోట్లేనా?

అన్నయ్య ఉత్తరంలో ఏముంటుంది? యోగక్షేమాలే.

నీ
పరీక్షలాయన


24వ తేదీ, ఆదివారం

పరీక్షలాయనగారికి,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. వదిలేశాను.

నా గదిలో ఏదో జరుగుతోందన్నమాట. పద్నాలుగేళ్ల కాపురం, పదకొండేళ్ల పనితనం మీ ఇనుప బిళ్ల ముందు ఆగలేకపోయాయి. సరే.

ఆసుపత్రి పనులు చూసే ఇంజనీరుగారు నిన్న వచ్చారు. ఊడిన పలకలు నలభై రెండూ చూశారు. ఒక రోగి చేతికి పెచ్చు గుచ్చుకుందట. ఆయన ఒక కాగితం ఇచ్చి, తప్పు మందుదా, పూతదా తేల్చి, సంతకం పెట్టి వచ్చేనెల అయిదో తేదీకల్లా ఇమ్మన్నారు. మందుదంటే బావగారి తొట్టి మూయిస్తారు. పూతదంటే ఈ గది తాళంచెవి నేను అప్పగించాలి. ఎవరో ఒకరి వేలు తెగాలి. నా వేలు ఊరికే తెగనివ్వను.

మీరడిగినదానికి జవాబు: ఊడటం పలక మధ్యలో మొదలై చుట్టూ పాకుతోంది. నడవలేనివాళ్లు మధ్యలోనే కదా పట్టుకుంటారు, అందుకే అనుకుంటున్నాను.

ఇదిగో, మందు చెక్క పలకలు మూడు, ఉత్త చెక్క పలకలు మూడు పంపుతున్నాను. మందువి బావగారు ఏరినవి కావు, ఆయన లేనప్పుడు దొంతర్లోంచి నేనే లాక్కొచ్చాను. ఎప్పటిలాగే ఆరబెట్టాను, రుద్దాను, చెయ్యి పెట్టి చూశాను. పూత మాత్రం వేయలేదు. మీ గదిలో, మీ కుంచెతో, మీ డబ్బాలోంచి మీరే వేయండి. అప్పుడూ ఊడిందంటే నా గది మాట ఎత్తడానికి వీల్లేదు.

ఫోన్ చేయకండి, ఎత్తను. ఏదున్నా కాగితంమీద రాయండి. రాసిందాన్ని మీరు రేపు కాదనలేరు.

యోగక్షేమాలే అయితే ఆ ఉత్తరం నాకు పంపండి. నేనూ తెలుసుకుంటాను, మనం ఎంత క్షేమంగా ఉన్నామో.

ఇట్లు,
పూత గది


2వ తేదీ, సోమవారం

నా ప్రియమైన మొండిదానికి,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వదినకి చేసి నిన్ను పిలవమనొచ్చు, అన్నయ్యకే చెప్పొచ్చు. కానీ ఇది ముందు నీకే తెలియాలి. ఆయనకి చెప్పాల్సింది కూడా నువ్వే. అందుకని మనిషిచేత పంపిస్తున్నాను. అయిదో తేదీకి ముందే నీకు అందాలి. ఆ కాగితంమీద సంతకం పెట్టకు.

మూడు మందు పలకల్లో రెండిటికి పూత వేసి, ఈసారి వారం ఆగే వ్యవధి లేక వేడిపెట్టెలో ఒక్క రోజులో ఆరబెట్టాను. ఉత్తవాటికి కూడా వేశాను. ఉత్తవి గట్టిగా ఉన్నాయి. మందువి రెండూ ఊడాయి. నీదే నిజం, అన్నయ్యే తప్పు చేశాడని ఒక పూటంతా నమ్మాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కానీ అంచుల దగ్గర గళ్లు కోస్తే అక్కడ ఒక్కటీ లేవలేదు. ఊడింది మధ్యలోనే. ఈ పలకల్ని ఏ రోగీ పట్టుకోలేదు కదా!

మూడో పలక పూత లేకుండా మిగిలింది. అది నీళ్లు ఎలా పీలుస్తుందో చూద్దామని కిటికీ దగ్గర పెట్టి సీసాతో నీళ్లు చిమ్మాను. పలకంతా నీళ్లు తాగి నల్లబడింది. మధ్యలో ఒక్కచోట మాత్రం నల్లబడలేదు. నీళ్లు అక్కడ ఇంకకుండా బొట్లుబొట్లుగా నిలబడ్డాయి. వంగి చూశాను. ఒక అరచెయ్యి. అయిదు వేళ్లు. చిటికెనవేలు బయటికి వంగి ఉంది.

పెళ్లయిన కొత్తలో తలుపు సందులో నలిగిన వేలు, నేను తెలిసీ తెలియక కట్టు కట్టి వంకర చేసిన వేలు. వెయ్యి చేతుల్లో ఉన్నా గుర్తుపడతాను.

నీ పక్క ఏమీ మారలేదన్నావు. ఒకటి మారింది. అది ఈ పలకల పనికి కాస్త ముందు నేను పంపిన డబ్బా. నీ చేతుల మందులో మైనం ఉంది, నీటిని ఇంకనివ్వని నూనె ఉంది. చర్మానికి ఎంత మంచిదో పూతకి అంత చెరుపు. ఉత్త చెక్కని నువ్వు తాకి చూడవు కాబట్టి అది బతికిపోయింది. మందు చెక్కమీదేమో శ్రద్ధగా, ఒక్క పలక కూడా వదలకుండా, ఇరవై లెక్కపెట్టేదాకా అదిమి పట్టావు.

రుజువు కావాలంటావని అదీ చేశాను. అలాంటి డబ్బానే కొని నా చేతికి రాసుకుని, ఒక ఉత్త పలకమీద ఇరవై లెక్కపెట్టి, పూత వేశాను. చెయ్యి పెట్టినచోట ఇరవై అయిదు గళ్లూ లేచిపోయాయి. పక్కన ఒక్కటీ లేవలేదు. తరవాత మందు పలకల్లో ఒకదాన్ని గీకి, థిన్నర్‌తో తుడిచి, మళ్లీ రుద్ది వేస్తే ఇప్పుడు లాగినా రావడంలేదు. మందుదీ కాదు, పూతదీ కాదు. తప్పు నాది.

ఇంకో తప్పు కూడా ఉంది. అన్నయ్య ఉత్తరంలో యోగక్షేమాలు లేవు. మూడే వాక్యాలు: "తప్పు నా తొట్టిలో లేదు. మీ ఆవిడ చేతుల్లో ఉంది. ఇంతకంటే నన్ను అడగొద్దు." నీ పనితనాన్ని తప్పుపడుతున్నాడనుకున్నాను. నీకు చూపిస్తే ఇల్లు రెండవుతుందని దాచాను. ఆయన ఏం చూసి రాశాడో ఇప్పుడు అర్థమవుతోంది. ఆ ఉత్తరమూ, చేతి గుర్తున్న పలకా పంపుతున్నాను. పలకమీద నీళ్లు చిమ్మి చూడు.

నీ
పరీక్షలాయన


11వ తేదీ, బుధవారం

ప్రియమైన మీకు,

మీ మనిషి అయిదో తేదీ పొద్దున వచ్చాడు. ఇంజనీరుగారు నాలుగో తేదీనే వచ్చారు.

సంతకం పెట్టేశాను. తప్పు మందుదేనని స్పష్టంగా, గుండ్రటి అక్షరాలతో రాసి మరీ పెట్టాను. మీ ఉత్తరం చదివేసరికి బావగారి తొట్టిమీద మూత దించి తాళం వేసి ఒక రాత్రి గడిచింది. అప్పుడు నాకెలా ఉందో రాయను. మీకు తెలుసు.

పలక చంకన పెట్టుకుని షెడ్డుకి వెళ్లాను. బావగారు మూసిన తొట్టి గట్టుమీద ఊరికే కూర్చుని ఉన్నారు. ఆయన ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పలక ఆయన ముందు పెట్టి, కుండలో నీళ్లు తీసుకుని చల్లాను. చెయ్యి తేలింది. దానిమీద నా చెయ్యి పెట్టాను. వేలికి వేలు సరిపోయింది.

ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఇది నేను నెలన్నర కిందటే చూశానమ్మా. వానలో ఆసుపత్రికి వెళ్తే, అప్పుడప్పుడే లేస్తున్న పొక్కులు పలకలనిండా నీ చేతి ఆకారంలోనే ఉన్నాయి."

"చూసి నాతో ఒక్క మాట అనలేదేం బావగారూ?"

"నువ్వు కావాలనే చేస్తున్నావనుకున్నాను. నా తొట్టి మూయించి, చెక్క ఇంకెక్కడినుంచో తెప్పించుకోవాలని చూస్తున్నావనుకున్నా. చెయ్యి పెట్టి చూడమని నేర్పింది నేను. ఆ చేత్తోనే నన్ను పడగొడుతున్నావే అని... అది నోటితో ఎలా అడగను? వాడికి రాసి ఊరుకున్నా."

నేను మొహం చాటేసే మనిషిని చూసి దొంగ అనుకున్నాను. ఆయన చేతి గుర్తు చూసి నన్ను దొంగ అనుకున్నారు. డబ్బా తీసి చూపించాను. మూత విప్పి వాసన చూశారు. "ఇదా!" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన ఊరుకోబెట్టలేదు. గట్టుమీద కాస్త జరిగి చోటిచ్చారు. ఇద్దరం మధ్యాహ్నందాకా అలాగే కూర్చున్నాం.

తరవాత ఇంజనీరుగారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. కారణం నా చెయ్యి అని రాసి మళ్లీ సంతకం పెట్టాను. "ఏమమ్మా, రోజుకో సంతకమా?" అని ఆయన కసురుకున్నారు. కసురుకోవాల్సిందే. మర్నాడు తొట్టి తాళం తీశారు, నా గది తాళంచెవి తీసుకున్నారు. నలభై రెండు పలకలూ గీకి, తుడిచి, మళ్లీ పూత వేసి, రెండు వానలు నిలిచాకే తాళంచెవి తిరిగిస్తారట. ఇప్పటికి పదకొండు అయ్యాయి. అరచెయ్యి ఆనించడం ఇప్పుడు బావగారి వంతు. ఆయన ఇరవై మరీ నిదానంగా లెక్కపెడతారు. అక్కడ నిలబడితే నాకు ఒళ్లు మండుతుంది, అయినా నోరు మూసుకుంటున్నాను.

ఇక మీ సంగతి. డబ్బా పంపినందుకు మిమ్మల్ని ఏమీ అనను. ప్రేమతో పంపారు, నేను ప్రేమగా రాసుకున్నాను. బావగారి అనుమానం కూడా క్షమించాను, నేనూ తక్కువ తినలేదు కాబట్టి. మీరు దాచిన ఆ మూడు వాక్యాల్ని మాత్రం ఇంకా క్షమించలేదు. చేతుల్లో ఉందని ఆ రోజే నాకు చెప్పి ఉంటే, పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, చివరికి నా చేతులవైపు ఒకసారి చూసుకునేదాన్ని. ఆయన తొట్టికి ఆ రెండు రాత్రులు తాళం పడేది కాదు. ఇంకెప్పుడూ నన్ను కాపాడటానికని నా దగ్గర ఏదీ దాచకండి. నేను మొండిదాన్నే కానీ, చూపిస్తే చూస్తాను.

డబ్బా పారేయలేదు. పనయ్యాక, ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాక రాసుకుంటున్నాను. పగుళ్లు మళ్లీ మొదలయ్యాయి. వచ్చేటప్పుడు గ్లౌజులు తీసుకురండి. వేసుకోను. అయినా తీసుకురండి.

మీ
మొండి